మమ్మీకి గుడ్డ చుట్టినవాళ్ళ పేర్లేంటి? (ఫరోల సమాధులు తవ్విన ఊరి గురించి చర్చ)

వేసవివాన | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈ రోజు మా పాపని నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియంకి తీసుకెళ్ళాను. మూడో తరగతి చదువుతోంది. అక్కడ నిజాం కాలంలో వచ్చిన ఈజిప్టు మమ్మీ ఉంది కదా, టాలెమీల (ఈజిప్టుని ఏలిన గ్రీకు రాజుల) కాలం నాటి అమ్మాయిది. దాని ముందు చాలాసేపు నిలబడిపోయింది. రాత్రి భయపడుతుందేమోనని నాకు టెన్షన్. అదేం లేదు. ఆటోలో వస్తూ మాత్రం అడిగింది: "అమ్మా, ఆ అక్కకి గుడ్డలు చుట్టినవాళ్ళ పేర్లేంటి?"

నాకు ఖుఫు తెలుసు, టుటంఖామన్ తెలుసు, క్లియోపాత్రా తెలుసు. పని చేసినవాళ్ళ పేరు ఒక్కటి చెప్పమంటే నోరు రాలేదు. బానిసలతో కొరడాలు పెట్టి చేయించారని చిన్నప్పుడు విన్నదే నా జ్ఞానం. ఆ జనం గురించి, వీలైతే పేర్లతో సహా, తెలిసినవాళ్ళు చెప్పండి. అసలు శరీరాన్ని అలా ఎందుకు దాచేవాళ్ళో కూడా పిల్లకి అర్థమయ్యేలా చెప్తే సంతోషం.

రాతిపలక | శనివారం, రాత్రి 10:05

వేసవివాన గారూ, మీ పాప అడిగిన ప్రశ్న పెద్ద ప్రశ్న. ముందు తేలికదానికి జవాబు చెప్తాను.

మనిషిలో ఒకటి కాదు, కొన్ని అంశాలు ఉంటాయని వాళ్ళ నమ్మకం. 'కా' అనేది ప్రాణశక్తి. చనిపోయాక కూడా దానికి ఆకలేస్తుంది, అందుకే సమాధిలో రొట్టె, బీరు, మాంసం పెట్టేవాళ్ళు. 'బా' అనేది మనిషి తల ఉన్న పక్షి. పగలు బయటికి ఎగిరిపోయి తిరిగి రాత్రికి గూటికి చేరుతుంది. ఆ గూడే శరీరం. ఒళ్ళు పాడైపోతే పక్షికి చేరడానికి చోటుండదు. పాపకి ఇలా చెప్పి చూడండి.

పద్ధతి ప్రకారం మొత్తం 70 రోజుల పని. అందులో దాదాపు 40 రోజులు ఒంటిని నాట్రాన్ అనే సోడా ఉప్పులో ఆరబెట్టడానికే. ఆ ఉప్పు ఎక్కువగా వాది నత్రూన్ లోయ నుంచి వచ్చేది. కాలేయం, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు తీసి భద్రపరిచేవాళ్ళు. మెదడుని మాత్రం ముక్కులోంచి లాగి పారేసేవాళ్ళు, దాని విలువ వాళ్ళకి తెలియదు. గుండెని కదిలించేవాళ్ళు కాదు. ఆలోచన, జ్ఞాపకం, పాపపుణ్యాలు అన్నీ అక్కడే ఉంటాయని నమ్మకం. చనిపోయినవాళ్ళ దేవుడు ఒసిరిస్ ముందు ఆ గుండెని మాఆత్ ఈకతో తూస్తారు. మాఆత్ అంటే సత్యం, న్యాయం, లోకం సక్రమంగా నడిచే తీరు, మూడూ కలిపి. తూకం తప్పితే ఆ గుండెని మింగెయ్యడానికి మొసలి తల ఉన్న అమ్మిత్ అనే రాక్షసి పక్కనే కాచుకుని ఉంటుంది.

పేర్ల సంగతికి వస్తే, మన అదృష్టం కొద్దీ ఒక ఊరుంది. దేర్ ఎల్ మదీనా. నైలు పడమటి ఒడ్డున, ఇప్పటి లక్సోర్‌కి ఎదురుగా, రెండు కొండల మధ్య ఇరుక్కుని ఉంటుంది. రాజుల లోయలో సమాధులు తొలిచి, బొమ్మలు వేసిన పనివాళ్ళు పెళ్ళాం పిల్లలతో అక్కడ నాలుగు వందల ఏళ్ళకు పైగా కాపురాలు చేశారు. ప్రహరీ లోపల 70 ఇళ్ళ దాకా ఉన్నాయి. దాని పాత పేరు సెత్ మాఆత్, అంటే సత్యస్థానం. ప్రాచీన లోకంలో ఇంత దగ్గరగా మనకి తెలిసిన ఊరు ఇంకొకటి లేదనే నేను అంటాను. ఎవరి ఇల్లు ఏదో, ఎవరు ఎవరికి బాకీయో, ఎవరు ఎవరితో తగువు పెట్టుకున్నారో కూడా తెలుస్తుంది.

కొత్తసభ్యుడు44 | శనివారం, రాత్రి 10:31

రాతిపలక గారూ, మరి పిరమిడ్లు? అవి బానిసలు కట్టినవే కదా? మనుషుల వల్ల అయ్యే పనే కాదని, ఆకాశం నుంచి ఎవరో వచ్చి కట్టారని కూడా వీడియోల్లో చూశాను.

రాతిపలక | శనివారం, రాత్రి 10:58

మనుషులే కట్టారు. ఎలా కట్టారో రాసిపెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు, పేరు మెరెర్. ఆయన దినచర్య రాసిన పపైరస్ (నీటిమొక్క కాడలతో చేసిన కాగితం) 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాది అల్ జర్ఫ్‌లో దొరికింది. గీజా పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫు ఏలుబడి చివరి ఏళ్ళ నాటిది. సుమారు 40 మంది మనుషులతో తూరా క్వారీలో తెల్ల సున్నపురాయి పడవలకెత్తి గీజాకి చేర్చడం ఆయన పని. ఏ రోజు ఎక్కడ బయల్దేరారో, ఎక్కడ పడుకున్నారో రాసుకున్నాడు. నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి రాత అది.

గీజాలోనే 1990లో పనివాళ్ళ శ్మశానం బయటపడింది. రాజు పిరమిడ్‌కి దగ్గర్లో వాళ్ళని రొట్టెల కుండలతో, బీరు కుండలతో గౌరవంగా పాతిపెట్టారు. బానిసలని అలా చెయ్యరు. అలాగని అందరూ ఇష్టపడి వచ్చినవాళ్ళని కూడా నేను అనను. ఏడాదిలో కొన్నాళ్ళు రాజుగారి పనికి వెళ్ళి తీరాలి, అది వెట్టిలాంటిదే.

అయితే దేర్ ఎల్ మదీనా పిరమిడ్ల తర్వాత వెయ్యేళ్ళకి పుట్టిన ఊరు. రెండింటినీ కలపకూడదు. పిరమిడ్లు దొంగలకి కనబడిపోతున్నాయి కాబట్టి రాజులు సమాధుల్ని కొండలోపల దాచుకోవడం మొదలుపెట్టిన కాలం అది.

గోదారిగట్టు | ఆదివారం, ఉదయం 6:20

నేను 31 ఏళ్ళు ఒక షుగర్ ఫ్యాక్టరీలో పని చేసి రిటైర్ అయ్యాను. మాకు 5 నెలల జీతాలు నిలిపేసినప్పుడు గేటు ముందు బైఠాయించినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడు మా యూనియన్ పెద్దాయన, సమ్మె ఫ్రాన్సులోనో ఇంగ్లండులోనో పుట్టలేదు, ఈజిప్టులో పుట్టింది అన్నారు. నిజమా? ఈ ఊరేనా?

రాతిపలక | ఆదివారం, ఉదయం 8:47

ఈ ఊరే, గోదారిగట్టు గారూ. రాతలో మనకి దొరికినంతలో అదే మొట్టమొదటి సమ్మె. మూడో రామ్సెస్ ఏలుబడి 29వ ఏడు, అంటే సుమారు క్రీ.పూ. 1157. రాసినవాడు ఊరి లేఖకుడు అమెన్‌నఖ్త్. ఆ పపైరస్ ఇప్పుడు ఇటలీలో తూరినో నగరంలోని ఈజిప్షియన్ మ్యూజియంలో ఉంది.

వాళ్ళకి జీతం డబ్బుల్లో కాదు, గింజల్లో. మామూలు పనివాడికి నెలకి 4 ఖార్ల గోధుమలు రొట్టెకి, ఒకటిన్నర ఖార్ల బార్లీ బీరుకి. గింజలు రావడం ఆలస్యమవుతూ వచ్చింది. ఒక రోజు పనివాళ్ళంతా శ్మశానవాటిక ఐదు గోడలు దాటి బయటికి వచ్చేశారు. "ఆకలేస్తోంది, ఈ నెలలో 18 రోజులు గడిచిపోయాయి" అని చెప్పి మూడో తుత్మోసెస్ గుడి వెనక కూర్చున్నారు. మేస్త్రీలు, లేఖకులు వచ్చి బతిమాలారు, ఒట్లేశారు. వీళ్ళు కదల్లేదు. తర్వాత రామెస్సియం గుడికి నడిచారు. ఎందుకు అక్కడికే? గుడి వెనకే ధాన్యపు కొట్లు ఉన్నాయి! మట్టి ఇటుకల కమానులతో కట్టిన ఆ కొట్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

అక్కడ వాళ్ళు చెప్పిన మాట అమెన్‌నఖ్త్ రాశాడు. నా మాటల్లో చెప్తున్నా: ఆకలి, దాహం మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి. బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు. మా మంచి దొర ఫరోకి కబురు పెట్టండి, మా పైవాడు మహామంత్రికి కబురు పెట్టండి, మేం బతికే దారి చూపండి.

గింజలు వచ్చాయి. కానీ పోయిన నెలవే.

గోదారిగట్టు | ఆదివారం, ఉదయం 9:15

"చేప లేదు, కూర లేదు" అన్న దగ్గర ఆగిపోయాను. మేం కలెక్టరుకి ఇచ్చిన అర్జీలో కూడా పాలవాడి బాకీ, కిరాణా బాకీ రాశాం. పెద్ద మాటలేం రాయలేదు. ఆకలి ఉన్నవాడు రాసే అర్జీ ఎక్కడైనా అలాగే ఉంటుంది.

తర్వాత ఏమైంది? అక్కడితో సద్దుమణిగిందా?

రాతిపలక | ఆదివారం, ఉదయం 9:52

లేదు, ఇంకా చాలాసార్లు గోడలు దాటారు. మహామంత్రి పేరు తో. ఆయన పంపిన జవాబు కూడా ఆ పపైరస్‌లో ఉంది: కొట్లలోనే ఏమీ లేదు, దొరికినంత ఇస్తున్నాను అని. సగం గింజలిచ్చారు. థీబ్స్ (ఇప్పటి లక్సోర్) నగరాధికారి ఒకసారి ఫరో జీతాలిచ్చేదాకా సర్దుకోమని 50 ఖార్లు ఇస్తానన్నాడు.

నాకు అన్నిటికన్నా బలంగా అనిపించేది ఇంకో మాట. ఒకసారి బయటికి వచ్చినప్పుడు, మేం ఆకలి కోసమే రాలేదు, ఫరోగారి ఈ చోట చెడ్డపనులు జరుగుతున్నాయి, దాని మీద ఫిర్యాదు చెయ్యాలి అన్నారు. అంటే వాళ్ళు మాఆత్ గురించి మాట్లాడుతున్నారు. లోకం సక్రమంగా నడిచేలా చూడటం రాజు ధర్మం. పనివాడికి కూలి అందలేదంటే ఆ ధర్మం తప్పినట్టే. కూలి అడగడంలో వాళ్ళకి దేవుడి అండ కూడా ఉంది.

లెక్కల మాస్టారు | ఆదివారం, ఉదయం 11:03

ఒక చిన్న లెక్క. ఖార్ అంటే దాదాపు 77 లీటర్లు. ఐదున్నర ఖార్లంటే నెలకి 420 లీటర్ల పైచిలుకు గింజ. ఇది ఒక మనిషి తిండి కాదు. పెద్ద కుటుంబం తిని, ఇంకా మిగుల్చుకుని సంతలో మార్చుకోవచ్చు. ధరలు దెబెన్లలో కట్టేవాళ్ళు. దెబెన్ అంటే సుమారు 91 గ్రాముల రాగి. నాణెం లేదు, రాగి బరువు పేరు చెప్పి వస్తువుకి వస్తువు మార్చుకునేవాళ్ళు. జత చెప్పులు ఒకటో రెండో దెబెన్లు.

కాబట్టి వీళ్ళని పేదవాళ్ళు అనలేం. పిండి విసరడానికి ఊరికి ప్రభుత్వమే దాసీలని కేటాయించింది, ఇంటికి ఇన్ని రోజులని వంతులు. ఊళ్ళో బావి లేదు, నీళ్ళు గాడిదల మీద కింద నుంచి తెచ్చి పోసేవాళ్ళు వేరే ఉన్నారు. చేపలు పట్టేవాళ్ళు, కట్టెలు తెచ్చేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, వీళ్ళందరూ సత్యస్థానం వాళ్ళకి సేవ చేసినవాళ్ళు. ఆ గాడిదలు తోలినవాడి కథ ఎవరు రాశారు? నైలు బురదలో గోధుమ పండించిన రైతు ఎక్కడ? గోదారిగట్టు గారు బాధపడవద్దు, కానీ ఈ ఊరిని చూసి "ఈజిప్టు సామాన్యుడు ఇలా బతికాడు" అనుకుంటే తప్పు లెక్క అవుతుంది.

గోదారిగట్టు | ఆదివారం, ఉదయం 11:30

బాధేం లేదు మాస్టారూ. మా ఫ్యాక్టరీలో కూడా పర్మినెంట్ వాళ్ళం మేం కూర్చున్నాం. చెరకు నరికినవాళ్ళు, బండ్లు తోలినవాళ్ళు కూర్చోలేకపోయారు, వాళ్ళకి ఏ రోజు కూలి ఆ రోజుదే. మీరన్నది నాకు తెలిసిన సంగతే.

కానీ ఉన్న ఒక్క ఊరినైనా మనం పేర్లతో తెలుసుకోగలిగాం కదా. అది తక్కువేం కాదు.

తూరినో తెలుగు | ఆదివారం, మధ్యాహ్నం 2:18

నేను ఇక్కడ తూరినోలో పీహెచ్‌డీ చేస్తున్నాను, సబ్జెక్టు వేరు. మ్యూజియం మా ఇంటికి పదిహేను నిమిషాల నడక. చలికాలం ఆదివారాలు ఎక్కువగా అక్కడే గడుపుతాను. నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళేది ఖా, మెరిత్ గదికి.

ఖా ఈ ఊరివాడే, పనులు పైనుండి చూసే అధికారి. మూడో అమెన్‌హోతెప్ కాలం దాకా బతికాడు. భార్య మెరిత్. వాళ్ళ సమాధిని దొంగలు ముట్టలేదు. 1906లో స్కియాపరెల్లి అనే ఇటలీ పరిశోధకుడు తెరిస్తే లోపల సామాను పెట్టింది పెట్టినట్టే ఉంది. రొట్టెలు ఉన్నాయి, రకరకాల ఆకారాల్లో, గట్టిగా ఎండిపోయి. మంచాలున్నాయి, మడతపెట్టే పీట ఉంది. ఖా కొలతబద్దలు రెండు ఉన్నాయి: ఒకటి రాజు ఇచ్చిన బంగారు తాపడం బద్ద, రెండోది మడిచి సంచిలో పెట్టుకునే చెక్క బద్ద. ఆ చెక్కదాని ముందు నేను చాలాసేపు నిలబడతాను. మా నాన్న వడ్రంగి. ఆయన మడతబద్ద కూడా అచ్చం అలాగే జేబులో ఉండేది.

మెరిత్ సవరం దాని పెట్టెతో సహా ఉంది. జుట్టు జడల్లా అల్లి, ఇంకా నల్లగా, ఒత్తుగా. ఆమె మాత్రం తన శవపేటికలో లేదు. మొగుడి కన్నా ముందే పోయింది, ఆమెకి ఏదీ సిద్ధంగా లేదు. ఖా తన కోసం చేయించుకున్న పేటికని ఆమెకిచ్చేశాడు. దాని మీద రాసి ఉన్నది ఆయన పేరే.

వేసవివాన | ఆదివారం, మధ్యాహ్నం 3:40

తూరినో తమ్ముడూ, ఈ చివరి ముక్క మా పాపకి చదివి వినిపించాను. "మరి ఆయన దేంట్లో పడుకున్నాడు?" అని అడిగింది.

తూరినో తెలుగు | ఆదివారం, మధ్యాహ్నం 3:55

తర్వాత మళ్ళీ చేయించుకున్నాడు అక్కా. ఆయనవీ చాలా అందంగా ఉన్నాయి. ఇద్దరికీ చుట్టిన గుడ్డ ఈ రోజు దాకా ఎవరూ విప్పలేదు. ఎక్స్‌రే తీసి చూశారంతే. లోపల నగలు అలాగే ఉన్నాయి.

చిన్నక్క | ఆదివారం, సాయంత్రం 5:26

నేను వకీలుని, సివిల్ కేసులు చూస్తాను. ఈ ఊరి పేరు వినగానే నాకు నౌనఖ్తే గుర్తొస్తుంది. ఆమె వీలునామా మన దాకా వచ్చింది. ఐదో రామ్సెస్ 3వ ఏడు, సుమారు క్రీ.పూ. 1145.

ముసలావిడ. ఎనిమిది మంది పిల్లలు. సాక్షుల్ని కూర్చోబెట్టి చెప్పింది: నేను ఫరో దేశంలో స్వతంత్రురాలిని. ఈ ఎనిమిది మందినీ పెంచాను, ఇలాంటివాళ్ళకి కాపురం పెట్టించేటప్పుడు ఇవ్వాల్సిందంతా ఇచ్చాను. ఇప్పుడు ముసలిదాన్నయ్యాను, వీళ్ళు నన్ను చూడటం లేదు. నా చెయ్యి పట్టుకున్నవాళ్ళకి నా సొత్తు ఇస్తాను, ఇవ్వనివాళ్ళకి ఇవ్వను.

తన వాటా ఏదో, మొగుడి వాటా ఏదో ఆమెకి స్పష్టంగా తెలుసు. చూడని పిల్లలకి తండ్రి ఆస్తిలో భాగం పోదు, తన భాగం మాత్రం రాదు అంది. ఇప్పుడు కోర్టులో వేసినా ఈ కాగితం నిలబడుతుంది, అంత తేటగా ఉంది. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో సగం మంది, తమది అంటూ ఒక వాటా ఉందని చెప్పడానికే జంకుతారు.

ఒక కొడుక్కి మాత్రం అందరికన్నా అదనంగా ఒక కంచు గిన్నె ఇచ్చింది, చేతులు కడుక్కునేది. ఆ కొడుకు పేరు కెన్‌హెర్‌ఖెపెషెఫ్. వాడికి పెట్టింది తన మొదటి భర్త పేరు. మొదటాయన ఆమె కన్నా వయసులో చాలా పెద్ద, ఊరి లేఖకుడు. ఆయన పోయాక రెండో పెళ్ళి చేసుకుంది, పిల్లలు రెండో ఆయన వల్లే కలిగారు. అయినా ఒక పిల్లాడికి పాత మొగుడి పేరు పెట్టుకుంది. ఎంత ప్రేమ ఉండి ఉండాలి!

రాతిపలక | ఆదివారం, సాయంత్రం 6:10

చిన్నక్క గారూ, ఆ మొదటి భర్తకి పుస్తకాల పిచ్చి. ఆయన దగ్గరున్న పపైరస్‌లలో ఒకటి కలల పుస్తకం, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కలలో ఏం కనబడితే ఏం జరుగుతుందో వరసగా రాసి ఉంటుంది. పెద్ద పిల్లి కనబడితే మంచిది, పంట బాగా పండుతుంది. లోతైన బావిలోకి చూస్తున్నట్టు వస్తే చెడు, జైలు. చెడు అన్న మాట ఎర్రసిరాతో రాశారు. పీడకల వస్తే విరుగుడు కూడా ఉంది: తాజా ఆకుకూరలు బీరులో తడిపి రొట్టెతో కలిపి ముఖానికి రుద్దుకుని, ఐసిస్ అమ్మవారిని పిలిచే మంత్రం చదవాలి.

ఇలాంటివి చదివితే మతం అంటే గుళ్ళో పూజారులు చేసేదే కాదని తెలుస్తుంది. ఊరి పైన పిరమిడ్ ఆకారంలో ఒక కొండ శిఖరం ఉంది. అందులో మెరెత్‌సెగెర్ అనే నాగదేవత ఉంటుందని వాళ్ళు నమ్మారు. పేరుకి అర్థం, నిశ్శబ్దాన్ని ప్రేమించేది అని. నెఫెరాబు అనే పనివాడు ఆమెకి రాతిపలక చెక్కించి పెట్టాడు. అందులో ఏముందంటే: నేను తెలివిలేనివాణ్ణి, మంచీ చెడూ ఎరగనివాణ్ణి. శిఖరం మీద తప్పు చేశాను, ఆమె నాకు బుద్ధి చెప్పింది. కాన్పుకి ఇటుకల మీద కూర్చున్న ఆడమనిషిలా కూర్చున్నాను, గాలిని పిలిచాను, గాలి రాలేదు. ఆ తర్వాత అమ్మ దయతలిచి చల్లగాలిగా వచ్చిందని రాస్తాడు. ఇదే మనిషి ఇంకో పలకలో, ప్తాహ్ దేవుడి మీద అబద్ధపు ఒట్టు పెట్టి పట్టపగలే చీకటి చూశానని నలుగురికీ తెలిసేలా ఒప్పుకున్నాడు.

ఫరోల శాసనాల్లో తప్పు ఒప్పుకోవడం కనబడదు. సిరియాలోని కాదేష్ కోట కోసం యుద్ధం క్రీ.పూ. 1274లో జరిగింది. రెండో రామ్సెస్ ఆ కోటని పట్టుకోలేకపోయినా గుళ్ళ గోడలన్నిటి మీదా తానే గెలిచినట్టు చెక్కించుకున్నాడు. ఆయన సమాధి తొలిచిన ఊళ్ళో మనిషేమో "నాది తప్పు" అని రాయి మీద చెక్కించాడు. నాకు నెఫెరాబు మీదే గౌరవం ఎక్కువ.

కొత్తసభ్యుడు44 | ఆదివారం, సాయంత్రం 7:02

ఇవన్నీ ఇంత వివరంగా ఎలా దొరికాయి? పపైరస్ అంటే పాడైపోతుంది కదా?

రాతిపలక | ఆదివారం, రాత్రి 7:35

ఎక్కువ భాగం పపైరస్ కాదు, పెచ్చులు. సమాధి తొలిచేటప్పుడు సున్నపురాయి పెచ్చులు ఎటు చూసినా ఉంటాయి. పపైరస్ ఖరీదు, రాయి ఉచితం. కుండపెంకు కూడా సరే. దాని మీద సిరాతో చీటీలు రాసి, పని అయ్యాక పారేసేవాళ్ళు. తర్వాత కాలంలో నీళ్ళ కోసమని ఊరి పక్కన దాదాపు 50 మీటర్ల లోతు గొయ్యి తవ్వారు. నీళ్ళు పడలేదు. అది చెత్తగుంటగా మారింది, చెత్తతో పాటు వేల పెచ్చులు అందులోకి చేరాయి. ఫ్రెంచి పరిశోధకుడు బెర్నార్డ్ బ్రూయేర్ 1922 నుంచి 1951 దాకా అక్కడ తవ్వకాలు జరిపించాడు. 1922 అంటే కొండకి అవతల కార్టర్ టుటంఖామన్ సమాధి కనిపెట్టిన ఏడే. లోకమంతా బంగారం వైపు చూసింది. నన్నడిగితే ఆ ఏడు మొదలైన గొప్ప పని కొండకి ఇవతల జరిగింది.

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 8:20

ఆ పెచ్చుల్లో నాకు ఇష్టమైనది హాజరుపట్టీ. ముప్పై ఏళ్ళు హాజరు వేసినవాణ్ణి, అందుకని కావచ్చు. రెండో రామ్సెస్ 40వ ఏటిది, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 40 మంది పేర్లు, ఏడాదిలో 280 రోజుల లెక్క. రానివాడి తారీకు నల్లసిరాతో, ఎందుకు రాలేదో దాని మీద ఎర్రసిరాతో. తేలు కుట్టింది. కళ్ళు బాగాలేవు. బీరు కాస్తున్నాడు. కూతురు బయట ఉంది. ఫలానావాడికి మందు నూరుతున్నాడు.

ఇంకొకటి ఉంది వేసవివాన గారూ, మీ పాపకి చెప్పండి. ఒకాయన ఆ రోజు పనికి రాలేదు. కారణం: తల్లి శవానికి గుడ్డ చుడుతున్నాడు.

వేసవివాన | ఆదివారం, రాత్రి 8:41

మాస్టారూ, ఏం రాయాలో తెలియడం లేదు. మా అమ్మ పోయి రెండేళ్ళు. ఆ రోజు నేను ఆఫీసుకి పెట్టిన మెసేజ్ ఇంకా ఫోన్లో ఉంది.

పాప పడుకుంది. రేపు పొద్దున్నే చెప్తాను.

చిన్నక్క | ఆదివారం, రాత్రి 9:05

సెలవు ఇచ్చేవాళ్ళు కూడా అందుకు! ఆ ఎర్రసిరా రాత రాసినవాడి మీద గౌరవం కలుగుతోంది.

కొత్తసభ్యుడు44 | ఆదివారం, రాత్రి 9:30

ఒక సందేహం. రాజు సమాధి ఎక్కడుందో, లోపల ఏముందో అంతా తెలిసినవాళ్ళు వీళ్ళు. దొంగతనాలు చెయ్యలేదా?

రాతిపలక | ఆదివారం, రాత్రి 10:22

చేశారు. దాచిపెట్టడం ఎందుకు. తొమ్మిదో రామ్సెస్ కాలంలో పెద్ద విచారణలు జరిగాయి, వాటి పపైరస్‌లు దొరికాయి. రాళ్ళు కొట్టే అమెన్‌పనెఫెర్ అనేవాడు (ఈ ఊరివాడు కాదు, అమున్ దేవుడి గుడి పనివాడు) సోబెకెమ్‌సాఫ్ రాజు సమాధి ఎలా పగలగొట్టారో, బంగారం ఎలా ఒలుచుకున్నారో, పేటికలకి నిప్పు ఎలా పెట్టారో చెప్పాడు. మొదటిసారి పట్టుబడ్డప్పుడు తన వాటా బంగారం ఒక అధికారికి ఇచ్చి బయటపడ్డాడట. ఆ మరుసటి ఏడు సత్యస్థానం ఊరివాళ్ళే కొందరు ఐసిస్ అనే రాణి (అమ్మవారు కాదు) సమాధి దోచి దొరికిపోయారు. గింజలు సరిగ్గా రావడం లేదు, లిబియా దండులు ఊళ్ళ మీద పడుతున్నాయి, ఫరో ఉత్తరాన ఎక్కడో ఉన్నాడు. కారణాలు ఉన్నాయి. అయినా వాళ్ళ నమ్మకం ప్రకారం ఒక మనిషి పేటికకి నిప్పు పెట్టడమంటే వాడిని రెండోసారి చంపడం.

11వ రామ్సెస్ నాటికి ఊరు ఖాళీ అయింది. కిందనున్న మెదీనెత్ హాబు గుడి ప్రహరీలోకి చేరారు. అది మూడో రామ్సెస్ కట్టించిన గుడి.

ఇక్కడ వేసవివాన గారి పాపకి నేను బాకీ ఉన్న జవాబు ఉంది. నిన్నటి నుంచి దాని కోసమే వరసగా చెప్పుకొస్తున్నాను.

సమ్మె గురించి రాసిన అమెన్‌నఖ్త్ గుర్తున్నాడు కదా. ఆయన తర్వాత లేఖకుడి పని ఆ ఇంట్లోనే సాగింది. కొడుకు హర్షిరె, మనవడు ఖేమ్‌హెజెత్, మునిమనవడు ధుత్మోసె, ఆయన కొడుకు బుతెహమున్. ఐదో తరం వచ్చేసరికి కొత్త సమాధులు తొలిచే పని లేదు. దొంగలు చిందరవందర చేసిన పాత రాజుల శరీరాలని ఏరి, మళ్ళీ గుడ్డలు చుట్టి, భద్రంగా దాచే పని మిగిలింది. అప్పటి పాలకులు ఆ వంకన మిగిలిన బంగారం కూడా తీసుకున్నారు, అదీ నిజమే. బుతెహమున్ కొండల నిండా తన పేరు గీసుకుంటూ తిరిగాడు, ఆ గీతలు ఇంకా ఉన్నాయి.

అలా చుట్టిన ఒక మమ్మీ గుడ్డ మీద సిరాతో ఆర్డరు రాసి ఉంది. 13వ ఏడు, వేసవి రెండో నెల, 27వ రోజు. ప్రధాన పూజారి పినెజెమ్ ఈ రాజుని మళ్ళీ ఒసిరిస్‌ని చెయ్యమని, అంటే మళ్ళీ చుట్టమని పురమాయించిన ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఒకటి గుడి లేఖకుడు జెసెరుఖోన్సు. రెండోది సత్యస్థానం లేఖకుడు బుతెహమున్.

ఆ రాజు మూడో రామ్సెస్.

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 10:40

ఆగండి. ముత్తాత తండ్రి ఏ రాజు కాలంలో గింజలు రాలేదని రాశాడో, ఆ రాజునేనా ఈయన చుట్టింది?

రాతిపలక | ఆదివారం, రాత్రి 10:44

ఆ రాజునే. ఆయన్ని సొంత అంతఃపురం వాళ్ళే కుట్ర చేసి చంపారు. 2012లో సీటీ స్కాన్ తీస్తే గొంతు కోసి ఉన్నట్టు తేలింది. గొంతు చుట్టూ గుడ్డ మందంగా చుట్టి ఉంది. 1881లో దేర్ ఎల్ బహరీ దగ్గర దాపు గుహలో దొరికిన రాజుల్లో ఆయనా ఉన్నాడు. 2021 ఏప్రిల్ 3న కైరో వీధుల్లో 22 మంది రాజులని, రాణులని ఊరేగింపుగా కొత్త మ్యూజియంకి తీసుకెళ్ళారు చూడండి, అందులో వెళ్ళాడు.

వేసవివాన | సోమవారం, ఉదయం 7:18

పాపకి పాలు ఇస్తూ మొత్తం చెప్పాను. నాంపల్లిలో ఉన్న అక్కకి చుట్టినవాళ్ళ పేరు దొరకలేదు కానీ ఒక రాజుకి చుట్టినాయన పేరు దొరికిందని. "బుతెహమున్" అని నాలుగైదుసార్లు పలికి చూసుకుంది. తర్వాత నోట్‌బుక్ వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసుకుంది, 'హ'కి బదులు 'హా' రాసింది. దిద్దబోతే వద్దంది. స్కూల్ బస్సు వచ్చింది, సాయంత్రం మళ్ళీ వస్తాను.